పసుపు కింద పాదాలు

దీన్ని ఇంతకాలం రాయకపోవడానికి మొదటి కారణం నాకు రాయడం రాకపోవడమే. ఊళ్ళో సాయంత్రం పూట పెద్దవాళ్ళకు బడి పెట్టినప్పుడు నాకు యాభై దాటాయి. నా చేతికి చీపురు తెలుసు, పురిటి గుడ్డలు ఉడకబెట్టే గంగాళం తెలుసు, బలపం తెలియదు. 'అ' రాయడానికి మూడు వారాలు పట్టింది. వచ్చిన తర్వాత ఆగలేదు. బస్సుల మీద, మందు సీసాల మీద, పప్పు కట్టి ఇచ్చిన కాగితాల మీద ఏముంటే అది చదివాను.

రెండో కారణం, అక్షరాలు వచ్చాక కూడా ఇందులో ఉన్న ముసలామె బతికే ఉండడం. ఆమెకు చదువు రాదు కాబట్టి నేను రాసినా ఆమెకు తెలిసేది కాదు. అయినా ఆమె తన ఇంటి అరుగు మీద కూర్చుని కాయలు ఒలుస్తూ ఉండగా, అదే వీధిలో నేను తలుపు వేసుకుని ఆమెను కాగితం మీద పెట్టడం, ఎదురుగా ఉన్న మనిషి గురించి గోడ చాటున మాట్లాడినట్టు అనిపించేది. పోయిన ఎండాకాలం ఆమె పోయింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

తనకల్లుకు దిగువన ఉన్న మా ఊళ్ళో చిన్న సర్కారు ఆసుపత్రి ఉండేది. అందులో నేను ఆయాను. ఊడవడం, కడగడం, కాన్పులకు సాయం చేయడం నా పని. దానితో పాటు, ఎవరూ చెప్పకుండానే నా మీదికి వచ్చిన పని ఇంకొకటి ఉండేది. ఏ ఇంట్లోనైనా జ్వరమూ, ఒంటి మీద దద్దులూ కలిసి వస్తే నన్ను పిలిచి చూపించేవాళ్ళు. అట్లాంటి ఇంటికి డాక్టరును పిలవరు. అది రోగం కాదు, అమ్మవారు. గడపకు వేపమండలు కడతారు. తిరగబాత వేయరు. బయటి మనుషులు రారు, సూది రాదు, చెప్పులు రావు. మంచంలో ఉన్న బిడ్డను అన్ని రోజులూ బిడ్డ అనరు, తల్లీ అంటారు. వచ్చింది ఏ అమ్మవారో చెప్పడానికి మాత్రం ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేను.

డెబ్బైల మొదట్లో, పెద్దమ్మవారు, అంటే మశూచి, ఇంకా అక్కడక్కడా ఉన్న రోజుల్లో, సర్కారు మనుషులు ఒక బిడ్డ బొమ్మ ఉన్న అట్ట పట్టుకుని ఇల్లిల్లూ వెతికేవారు. ఆడమనిషి అడిగితేనే తలుపు తీస్తారని నన్నూ వెంట తిప్పుకున్నారు. వాళ్ళు ఏ ఇంట్లోనైనా మొదట అరచేతులు చూసేవారు, తర్వాత అరికాళ్ళు. పెద్దమ్మవారు అక్కడ కూడా గింజకట్టినట్టు వచ్చేది. ఆటలమ్మ అట్లా కాదు, ఛాతీ మీదా వీపు మీదా నీటి బుడగలై వస్తుంది, ఒకటి మాడుతుంటే ఒకటి పుడుతుంది. తట్టు చెవుల వెనక మొదలై ముఖం మీద నుంచి కిందికి దిగుతుంది. అది వచ్చే ముందు దగ్గు, కారే ముక్కు, ఎర్రటి కళ్ళు. ఇదంతా నాకు అప్పట్లో తిరిగి తిరిగి వచ్చిన చదువు. తర్వాత పెద్దమ్మవారు లోకంలోనే లేకుండా పోయిందన్నారు. బొమ్మల అట్టలు ఆసుపత్రి అలమరలో చెదలు తిన్నాయి. దాంతో పాటే అరచేతులు చూసే అలవాటు కూడా పోయింది. ఎవరూ మానమని చెప్పలేదు. ఊరికే పోయింది.

ఎనభైల మొదట్లో కోస్తా వైపు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. సన్నగా ఉండేది, పెద్ద గొంతు. జ్వరంతో దద్దులు ఉన్నవాళ్ళు కనబడితే అయిదు సంగతులు అడగమని నాకు నేర్పింది. రాసుకోలేను కదా, నా చేయి పట్టుకుని వేళ్ళ మీద పెట్టింది. బొటనవేలు, జ్వరం వచ్చిన ఎన్నో రోజున దద్దు వచ్చింది. చూపుడువేలు, ఒంట్లో ఎక్కడ మొదలైంది. నడిమివేలు, నొక్కితే ఎరుపు పోతుందా, పోదా. ఉంగరం వేలు, అరచేతుల్లో అరికాళ్ళలో ఉందా. చిటికెనవేలు, కళ్ళు, ముక్కు, దగ్గు. పని చేసుకుంటూ ఆ వేళ్ళను ఒకదాని తర్వాత ఒకటి ముడిచేదాన్ని, జపం చేసినట్టు.

ఇది జరిగిన ఎండాకాలం ఎలా ఉండేదో ఇప్పుడు తలచుకుంటే, నేను చూసినదీ కలలో చూసినదీ కలిసిపోతాయి. రెండేళ్ళుగా వానలు లేవు. చేలన్నీ గచ్చు నేలల్లా ఉండేవి. పొద్దున్నే సుడిగాలి ఒకటి లేచి, ఎవరో మనిషి పనిమీద పోతున్నట్టు వీధి చివరిదాకా నడిచి వెళ్ళి పడిపోయేది. ఆడవాళ్ళందరూ అరుగుల మీద విత్తనానికి వేరుశెనక్కాయలు ఒలుస్తుండేవారు. వాన వస్తుందని కాదు, వస్తే విత్తనం లేకుండా ఉండకూడదని. వీధంతా ఒలుస్తున్న చప్పుడు, చినుకులు పడుతున్నట్టే ఉండేది. కళ్ళు మూసుకుంటే వాన, తెరిస్తే ఎండ.

మొదట చెప్పిన ముసలామె మా వీధి చివరి మిద్దెలో ఉండేది. మెట్ట చేను, ఇరవై గొర్రెలు ఉన్న ఇల్లు. ఆమె మనవరాలికి ఏడేళ్ళు. తల్లి కాన్పుకు పుట్టింటికి పోయింది, అందుకని ఆ పిల్ల జేజి దగ్గరే ఉండేది, జేజి కన్నా ఎక్కువగా గొర్రెపిల్లల దగ్గర. ఆ పిల్లకు అమ్మవారు వచ్చిందని, నన్ను చూసి పొమ్మని కబురు వచ్చింది.

గడప దగ్గర పసుపు నీళ్ళతో కాళ్ళు కడుక్కుని లోపలికి పోయాను. మిద్దె కప్పులోని గవాక్షిలో నుంచి ఎండ ఒక స్తంభంలా దిగి గది మధ్యలో నిలబడి ఉంది. దానిలో దుమ్ము నిదానంగా తిరుగుతోంది. ఆ వెలుగు పక్కన, వేపాకు పరిచిన తెల్లపంచె మీద పిల్ల పడుకుని ఉంది. తల నుంచి కాళ్ళదాకా వేపాకు, పసుపు నూరి పూశారు. పాదాలకు ఇంకా మందంగా పసుపు పట్టించి, అంచున కుంకుమ గీత దిద్దారు. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళు. వేపగాలికి, ఆ పచ్చని వెలుగుకి నాకు అక్కడ అడుగు పెట్టగానే ఒళ్ళు తేలికైపోయింది. బయట ఊరు ఉన్న సంగతే మరిచిపోయాను.

వాకిట్లో నిలబడిన ముసలాయన ఒకరు లోపలికి వంగి అడిగారు. "తల్లీ, వాన ఎప్పుడొస్తాదో చెప్పు తల్లీ."

పిల్ల కళ్ళు సగం తెరిచింది. "గొర్రెపిల్లకి నీళ్ళు పెట్టండి," అంది. గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుంది.

ఆడవాళ్ళు చేతులెత్తి మొక్కారు. ఒకామె లేచి, కడవ తీసుకుని దొడ్డిలోకి పరుగెత్తింది. "మూగజీవాలకి నీళ్ళు పెడితే వాన ఇస్తానంటాంది," అని ఇంకొకామె అర్థం చెప్పింది. ముసలామె కళ్ళు తుడుచుకుంది.

నేను వంగి చూశాను. పసుపు కింద నుంచి ఎర్రగా, సన్నగా దద్దు, ముఖం మీద, మెడ మీద, చేతుల మీద. జ్వరం పొయ్యిలా ఉంది. ఆ పాదాల ముందు నా తల దానంతటదే వంగింది. నుదురు ఆనించి మొక్కాను.

"తట్టు తల్లే," అన్నాను.

"ఆసుపత్రి మనిషే మొక్కె. ఇంగేమి కావల్ల మనకి!" అంది కడవ పట్టుకుని తిరిగొచ్చిన ఆమె.

అట్లా నా నోటితో చెప్పి బయటికి వచ్చాను. ఆసుపత్రికి వెళ్ళేసరికి డాక్టరమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. ఏ ఇంట్లో ఎవరికి ఏముందో ఆమెకు రోజూ చెప్పడం నా అలవాటు. చెప్పాను.

"దగ్గుందా?" అంది ఆమె.

"లేదమ్మా."

"కళ్ళు ఎర్రగా ఉన్నాయా? ముక్కు కారుతోందా?"

"లేదమ్మా."

"మరి తట్టని ఎట్లా అన్నావు ఆయమ్మా? ఎక్కడ మొదలైందట?"

ఆమె కలం పక్కన పెట్టింది.

"అరచేతులు?"

"పసుపు పూసినారమ్మా."

"అరికాళ్ళు?"

"మొక్కినా."

"మొక్కావు, సంతోషం. చూశావా?"

నా కుడిచేతి వేళ్ళు నాకు తెలియకుండానే ముడుచుకుంటున్నాయి. ఉంగరం వేలు దగ్గర ఆగిపోయాయి.

డాక్టరమ్మ లేచి కిటికీ దగ్గరకు వెళ్ళింది. ఆ ఇంట్లో గొర్రెలున్నాయా, పిల్ల వాటితో ఆడుతుందా అని అడిగింది. వాటి చెవుల్లో పిడుదులు ఏరడమే ఆ పిల్ల ఆట అన్నాను. అప్పుడు ఆమె చాలా నిదానంగా చెప్పింది. పిడుదు కుడితే వచ్చే జ్వరం ఒకటి ఉంది. దాని దద్దు అరికాళ్ళలో, అరచేతుల్లో కూడా ఉంటుంది, పాదాల వైపు నుంచి పైకి ఎక్కుతుంది. దానికి మందుంది. మందు పడితే రెండు మూడు రోజుల్లో దిగుతుంది. పడకపోతే పిల్ల దక్కకపోవచ్చు.

"నేనొస్తే తలుపు తీస్తారా?"

"తీయరమ్మా. మీరు వచ్చినారంటే సూది వచ్చినట్టే."

"అయితే నువ్వే వెళ్ళు. ఆ కాళ్ళు కడిగి చూడు. మచ్చలుంటే ఎత్తుకుని వచ్చెయ్. 'యాడ' అని, 'ఏంటికి' అని అక్కడ కూర్చోకు," అంది. ఎప్పుడూ నా సీమ యాసను వెక్కిరించి నవ్వే మనిషి, ఆ రోజు వెక్కిరించింది కానీ నవ్వలేదు.

అమ్మవారు ఉన్న ఒంటి మీద నీళ్ళు పోయడానికి ఒక రోజుంటుంది. దద్దు మాడి, ముసలివాళ్ళు చెప్పాక, వేపాకు వేసి ఎండలో కాచిన నీళ్ళు పోస్తారు. అంతకు ముందు చుక్క పడకూడదు. ఆ సంగతి డాక్టరమ్మకు తెలియదు. నాకు తెలుసు. దారి పొడుగునా ఎండ అలలు అలలుగా లేస్తోంది, ఎదురుగా ఇళ్ళు నీళ్ళలో నిలబడినట్టు ఊగుతున్నాయి. నేను నడుస్తున్నానో, ఇళ్ళే నా వైపు తేలి వస్తున్నాయో తెలియలేదు. పడమర కొండ మీద చిన్న మబ్బు ఒకటి నిలిచి ఉంది. అరుగుల మీద అందరూ ఒలవడం ఆపి దానినే చూస్తున్నారు. పొద్దున లేని మబ్బు. అమ్మ మాట ఇచ్చాక వచ్చిన మబ్బు.

ముసలామె గడపలోనే కూర్చుని ఉంది.

"అత్తా, పాప కాళ్ళు ఒకసారి చూడల్ల," అన్నాను.

"చూసిపోతివి కదమే."

"సరిగ్గా చూడలేదత్తా. అమ్మవారు కాకపోవచ్చు."

ముసలామె నన్ను కిందా మీదా చూసింది.

"పొద్దున నువ్వే అమ్మంటివి. మాపటికి నువ్వే కాదంటివి. అమ్మ ఏమన్నా నీ ఇంటి కోడలామే, రమ్మంటే వచ్చేకి, పొమ్మంటే పోయేకి?"

ఎవరో నవ్వారు. "డాక్టరమ్మ అక్షింతలేసింటాది, అందుకే ఎనిక్కొచ్చింది," అని కడవ ఆమె గొంతు. "మబ్బు పట్టింటే ఓర్వలేక వచ్చింటాది," అని ఇంకో గొంతు.

నాకు నిజంగానే భయం వేసింది. నేను డాక్టరును కాదు. ఆ వీధిలో పుట్టి ఆ వీధిలోనే ఉన్న మనిషిని. ఆ మబ్బు వాన కావాలని నాకూ ఉంది. నేను ఒక్క మాట అనకుండా వెనక్కి పోతే, పిల్లకు నయమైతే అమ్మ దయ, కాకపోతే అమ్మ తీసుకుపోయింది అంటారు. నా పేరు ఎక్కడా రాదు. అట్లా పోయిన బిడ్డలను నేను చూశాను.

అప్పుడు ఏమనిపించిందో తెలియదు, గడప పక్కన ఉన్న పసుపు నీళ్ళ చెంబు చేతిలోకి తీసుకున్నాను. "అత్తా, గుడిలో తల్లికి కాళ్ళు కడగరా? కడిగి నెత్తిన చల్లుకోరా? నేను మీ తల్లి పాదాలు కడుగుతా. ఒళ్ళు తడపను. చెంబు నువ్వే పట్టు."

ఆమె చేయి చాచింది. "ఇచ్చెయ్," అంది. "చుక్క మీదికి పోయిందంటే నీ చెయ్యి ఇరగ్గొడతా."

లోపల ఎండ స్తంభం పక్కకు జరిగి, సరిగ్గా పిల్ల కాళ్ళ మీద పడుతోంది. పళ్ళెం కింద పెట్టాను. ముసలామె సన్నగా ధార పోసింది. నేను నా పమిట కొంగుతో మెల్లగా రుద్దాను. కుంకుమ ముందు కరిగిపోయింది, పసుపు ముద్దలుగా జారింది. పైపూత పోయినా పాదాల పచ్చదనం పోలేదు. ఆ పచ్చదనంలో, అరికాలి మధ్యలో, మడమ దగ్గర, వేళ్ళ కింద, నేరేడుపండు రంగు చుక్కలు. ఒకదాని మీద బొటనవేలు పెట్టి నొక్కాను, వదిలాను. చుక్క అట్లాగే ఉంది. ఇంకొకటి నొక్కాను. అదీ అంతే.

"నువ్వు నొక్కత్తా."

ఆమె చెంబు కింద పెట్టి నొక్కింది. చేయి తీయకుండా అలాగే పట్టుకుని ఉంది.

"మొదట యాడ వచ్చినాది?" అన్నాను.

"చీలమండల కాడ," అంది గొంతు తగ్గించి. "గజ్జెలు ఒరుసుకున్నాయేమో అనుకుంటి. తీసి పెట్టేస్తి. ముంజేతుల కాడ వస్తే గాజులు తీసేస్తి."

"అమ్మ తల మీంద నుంచి దిగుతాది కదత్తా. ఇది కాళ్ళ కాడ నుంచి ఎక్కినాది."

"ఈ మాట పొద్దున చెప్పల్ల కదమే నువ్వు."

"చెప్పల్ల. చూడకుండా మొక్కితి. తప్పు నాదే."

పిల్ల మళ్ళీ నీళ్ళు, గొర్రెపిల్ల అని గొణిగింది. అప్పుడు ఆ జేజి చేసిన పని నేను ఇంత వయసు వచ్చినా మరువలేదు. పిల్ల మీద దుప్పటి కప్పి, వాకిట్లోకి వచ్చి, వీధి అంతా వినేటట్టు పెద్ద గొంతుతో అంది. "అమ్మ ఆసుపత్రి చూడల్లంటాంది! బండి కట్టండప్పా!"

కడవ ఆమె అరుగు దిగి దారి ఇచ్చింది. ముసలామె కొడుకు, పిల్ల నాయన, దొడ్డిలో నుంచి వచ్చి బండికి ఎద్దులు కట్టాడు. వేపమండలు గడపకు అలాగే ఉన్నాయి, ముసలామె వాటిని ముట్టనివ్వలేదు. బండి ఎక్కే ముందు వాటి వైపు తిరిగి, "నువ్వు ఈడ్నే ఉండు తల్లీ, బిడ్డను చూపించుకోని వస్తా," అని చిన్నగా చెప్పుకుంది. అది నాకు ఒక్కదానికే వినిపించింది.

బండి నిదానంగా పోయింది. పిల్ల తల నా ఒడిలో, కాళ్ళు జేజి ఒడిలో. వెనక వీధి అంతా మొక్కుతూ వచ్చి, ఊరి చివర ఆగిపోయింది. ఆసుపత్రి మెట్ల దగ్గర డాక్టరమ్మ నిలబడి ఉంది. బండిలో వేపాకు చూసి, ఒక్క క్షణం ఆలోచించి, చెప్పులు విడిచి దిగి వచ్చింది. అరికాళ్ళు చూసింది, అరచేతులు చూసింది. మోకాలి వెనక చిన్న నల్లటి మచ్చ ఉంటే దాన్ని ముసలామెకు చూపించి, ఇక్కడే కుట్టింది పిడుదు అంది. చేదు మందు గొట్టం విప్పి, పొడిని బెల్లంలో కలిపి పిల్ల నోట్లో పెట్టింది. ముసలామె అడ్డం చెప్పలేదు. అయితే మందు గిన్నెను ఒకసారి కళ్ళకద్దుకుంది.

జ్వరం మూడో రోజున దిగింది. పిల్ల బతికింది. ఇప్పుడు ధర్మవరం వైపు కాపురం చేస్తోంది, ఇద్దరు బిడ్డలు. కుడి చెవి సరిగ్గా వినబడదు, ఎడమ వైపు కూర్చుని మాట్లాడాలి. ఆ పొద్దునే మందు పడి ఉంటే ఆ చెవి మిగిలేదేమో అని డాక్టరమ్మను ఒకసారి అడిగాను. చెప్పలేను అంది. ఆ మబ్బు వాన కాలేదు. దానికి కారణం నేనే అన్నవాళ్ళు కొందరు ఉండేవారు. ముసలామె మాత్రం అనలేదు, అననివ్వలేదు.

కానీ ఇదంతా తర్వాతి మాట. ఆ మరుసటి రోజు పొద్దున పిల్ల ఇంకా ఒళ్ళు తెలియకుండా మంచంలోనే ఉంది. జేజి పక్కన కూర్చుని విసురుతోంది. ఏమవుతుందో ఎవరికీ తెలియదు. నేను ఆసుపత్రి ఊడ్చి, నీళ్ళు పట్టి, పక్క వీధికి వెళ్ళాను. ఆ వారంలో నేను అమ్మవారని చెప్పి వచ్చిన ఇళ్ళు ఇంకా రెండు ఉన్నాయి. మొదటి ఇంట్లో ఏడాది బిడ్డ. వాళ్ళమ్మ తలుపు సగం తీసి, మళ్ళీ ఏంటికొచ్చినావక్కా అంది. అమ్మవారి పాదాలు కడిగి పోతాను, నువ్వు చెంబు పట్టు అన్నాను. కడిగాను. ఆ చిన్న పాదాలను ఒకటొకటిగా వెలుగు వైపు తిప్పి, వేళ్ళ మధ్యలో కూడా చూశాను. ఏమీ లేదు. అరచేతులు విప్పి చూశాను. ఏమీ లేదు. బిడ్డ దగ్గింది, ముక్కు కారుతోంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అప్పుడు మొక్కాను. చెంబు తీసుకుని రెండో ఇంటికి నడిచాను.